ఇండియా వెళ్ళినప్పుడు ఒక్క రోజు కొలనుపాకకి

జూన్ చివర్లో ఇక్కడ బడులు మూసేసరికి మన ఇళ్ళల్లో సూట్‌కేసులు తెరుచుకుంటాయి. మూడు వారాలో, నాలుగు వారాలో సెలవు. అందులోనే అమ్మమ్మగారి ఊరు, నానమ్మగారి ఊరు, ఒక పెళ్ళి, ఒక గృహప్రవేశం, తిరుపతి, బట్టల కొట్లు, పళ్ళ డాక్టరు. ఇన్ని పనుల మధ్య పిల్లలకి ఆ నేల గురించి తెలిసేది తక్కువ. చుట్టాలని చూస్తారు, కానీ ఆ చుట్టాలు ఎలాంటి చోటి నుంచి వచ్చారో చూడరు. బాతెల్‌లో వారం వారం పిల్లల చేత గుణింతాలు దిద్దించే మనం ఈ విషయం కాస్త ఆలోచించాలని మా అభిప్రాయం.

మా మనవి చిన్నదే. ఈసారి వెళ్ళినప్పుడు ఒక్క రోజు తీసి పిల్లలని కొలనుపాక జైన దేవాలయానికి తీసుకువెళ్ళండి. ఇంకొక పూట దొరికితే కరీంనగర్ దగ్గర కురిక్యాల బొమ్మలగుట్ట కూడా చూపించండి. మనం జైనులం కాకపోయినా ఎందుకు వెళ్ళాలో, వెళ్ళి ఏం చూడాలో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

గుడికి వెళ్ళడం వేరు, గుడిని చూడడం వేరు. మనలో చాలామందికి మొదటిది బాగా అలవాటు. చెప్పులు విడిచి, వరుసలో నిలబడి, దండం పెట్టి, ప్రసాదం తీసుకుని బయటికి వస్తాం. స్తంభం మీద ఏముందో, పైకప్పు ఎలా నిలబడిందో, ఆ రాయి ఎక్కడిదో అడగం. మనకి బాగా తెలిసిన దేవుడి గుడిలో చూపంతా విగ్రహం మీదే ఉంటుంది. అంతగా పరిచయం లేని గుడిలో ప్రతిదీ కొత్తగా కనిపిస్తుంది, ప్రశ్నలు వాటంతట అవే పుడతాయి. చూడడం నేర్పడానికి జైన దేవాలయం మంచి బడి అని మేము అనడానికి ఇదొక కారణం.

కొలనుపాక హైదరాబాదుకి సుమారు 80 కిలోమీటర్ల దూరం. వరంగల్ దారిలో ఆలేరు దాకా వెళ్ళి లోపలికి తిరగాలి. ఒకప్పుడు నల్గొండ జిల్లా, 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లా. ఈనాడు చిన్న ఊరే గాని, వెయ్యేళ్ళ కిందట పెద్ద పట్టణం. శాసనాల్లో దీని పేరు కొల్లిపాక. కల్యాణి చాళుక్యుల కాలంలో కొల్లిపాక ఏడువేల నాడుకి ఇదే ముఖ్య పట్టణం. తమిళ దేశం నుంచి దండెత్తి వచ్చిన రాజేంద్ర చోళుడు తాను గెలిచిన చోట్లు చెప్పుకుంటూ కొల్లిపాకని కూడా శాసనాల్లో చెక్కించుకున్నాడు. ఓ మహారాజు గొప్పగా చెప్పుకోవాలంటే ఆ ఊరు ఎంత గట్టిదై ఉండాలి!

గుడిలో మూలనాయకుడు ఆదినాథుడు. ఇరవై నలుగురు తీర్థంకరులలో మొదటివాడు, ఋషభనాథుడని కూడా అంటారు. ఇక్కడి భక్తులు మాణిక్యదేవుడని పిలుచుకుంటారు. ఇక్కడే నేమినాథుడు, మహావీరుడు కూడా కొలువై ఉన్నారు. మహావీరుడి విగ్రహం నాలుగు అడుగులకి పైగా ఎత్తు, ఒకే జేడ్ రాతిలో మలిచినదని చెబుతారు. పిల్లలు సాధారణంగా ముందు అక్కడే ఆగిపోతారు. ఆ రాతి రంగు, నునుపు అలాంటివి.

లోపల ఎర్ర ఇసుకరాయి, తెల్ల పాలరాయి. గుజరాత్, రాజస్థాన్ శిల్పులు వచ్చి ఈ గుడిని పునరుద్ధరించారు. ఆ పనితనానికి పుట్టిల్లు ఆబూ కొండ మీది దిల్వారా ఆలయాలు. అక్కడి విమలవసహి 1031 నాటిది. పాలరాయి మెత్తన. ఉలి లోపలిదాకా పోతుంది, అందుకే ఆ శిల్పులు రాతిని జల్లెడలా, లేసు గుడ్డలా చెక్కగలిగారు. మన కాకతీయ శిల్పులకి దొరికింది నల్లటి గట్టి రాయి. అది సులభంగా లొంగదు, కానీ లొంగాక అద్దంలా మెరుస్తుంది. 1213 నాటి రామప్ప గుడిలో మదనికల మెరుపు ఆ రాతిదే. 2021లో యునెస్కో గుర్తింపు పొందింది ఆ గుడే. రాయిని బట్టి శిల్పం, నేలని బట్టి రాయి. ఈ ఒక్క సంగతి అర్థమైతే పిల్లలకి ఏ గుడికి వెళ్ళినా చూడడానికి ఏదో ఒకటి ఉంటుంది.

ఇక్కడ ఒక మంచి అవకాశం ఉంది. మనవాళ్ళలో చాలామంది యాదగిరిగుట్ట నరసింహస్వామి దర్శనానికి ఎలాగూ వెళ్తారు. అదీ ఈ జిల్లాలోనే. ఆ గుడిని కూడా మొత్తం నల్లరాతితో మళ్ళీ కట్టి 2022 మార్చిలో తెరిచారు. ఒకే రోజు ఉదయం నల్లరాతి గుడి, మధ్యాహ్నం పాలరాతి గుడి చూడవచ్చు. రెండూ పాత క్షేత్రాలే, రెండిటి కట్టడమూ ఇటీవల కొత్త రూపం పొందినదే. ఒకటి దక్షిణాది పద్ధతి, ఇంకొకటి పడమటి దేశపు పద్ధతి. ఏది ఎలా వేరో పిల్లలనే చెప్పమనండి. తరవాత బాతెల్ వచ్చాక మన హిందూ దేవాలయానికి వెళ్ళినప్పుడు అక్కడి స్తంభాలు ఏ పద్ధతివో వాళ్ళే మనకి చెబుతారు.

"కొత్త పాలరాయి వేశాక ఇంకా చారిత్రక కట్టడం ఎలా అవుతుంది?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పూజ జరిగే గుడి పాతబడితే భక్తులు ఊరుకోరు, బాగు చేస్తారు, మారుస్తారు. అది వాళ్ళ భక్తి. అందువల్ల గుడి బతుకుతుంది, కాని పాత పనితనం కొంత మరుగున పడుతుంది. అదే ఊళ్ళో సోమేశ్వరాలయం ఉంది. అక్కడ పురావస్తు శాఖ వారు చుట్టుపక్కల దొరికిన విగ్రహాలు, శాసనాలు చేర్చి పెట్టారు. తల పోయిన తీర్థంకరుడు, చెయ్యి విరిగిన దేవత, అరిగిపోయిన అక్షరాల బండ. వాటికి ఎవరూ కొత్త ముక్కు అతకలేదు. వాటికి పూజ లేదు గానీ అబద్ధం కూడా లేదు. మా ఉద్దేశంలో పిల్లలకి ఈ రెండూ చూపించాలి. ఏది పాతది, ఏది కొత్తది, ఎలా తెలుస్తుంది అని వాళ్ళని అడగాలి. ఒక్క గుడే చూసి వస్తే సగం చూసినట్టే.

సోమేశ్వరాలయం దగ్గర ఇంకొక సంగతి కూడా దాచకుండా చెప్పాలి. వీరశైవులకి ఈ ఊరు పవిత్రం. రేణుకాచార్యులు ఇక్కడి లింగం నుంచే ఉద్భవించారని వారి నమ్మకం. జైనులకి, శైవులకి ఒకే ఊరు క్షేత్రమైంది. తెలుగు దేశంలో ఒకప్పుడు జైనం బాగా ఉండేది, తొలి కాకతీయులు కూడా దాన్ని ఆదరించారు. 12వ శతాబ్దం నాటికి శైవం బలపడింది. కొన్ని బసదులు శైవాలయాలయ్యాయి, కొన్ని పాడుపడ్డాయి. ఇది సంతోషంగా చెప్పుకునే కథ కాదు, అలాగని కోపంగా చెప్పాల్సిన కథ కూడా కాదు. మన పూర్వీకుల్లో ఏ మతం వాళ్ళు ఎవరో మనం తేల్చలేం. ఇక్కడ అమెరికాలో మైనారిటీగా పెరిగే మన పిల్లలకి ఈ మాట త్వరగా అర్థమవుతుంది. ఒక ఊళ్ళో ఎక్కువమంది మారిపోయాక మిగిలిన కొద్దిమంది తమ గుడిని ఎలా నిలబెట్టుకున్నారన్నది వాళ్ళకి పనికొచ్చే పాఠం.

ఇక బొమ్మలగుట్ట. కరీంనగర్ నుంచి జగిత్యాల వెళ్ళే దారిలో గంగాధర మండలం, కురిక్యాల గ్రామం. కొండగట్టు అంజన్న దర్శనానికి వెళ్ళేవాళ్ళు దాని పక్క నుంచే వెళ్తారు, కాని తెలిసి ఆగేవాళ్ళు కొద్దిమంది. అక్కడ గోపురం లేదు, పాలరాయి లేదు. ఓ పెద్ద బండ, దాని మీద చెక్కిన తీర్థంకరులు, చక్రేశ్వరీ దేవి, కింద అక్షరాలు. చక్రేశ్వరి మరెవరో కాదు, కొలనుపాకలో మనం చూసిన ఆదినాథుడి యక్షిణి.

ఆ అక్షరాలు రాయించినవాడు జినవల్లభుడు. సుమారు 945 నాటి మాట. కన్నడ ఆదికవి పంపడికి తమ్ముడు. పంపడు వేములవాడ చాళుక్య రాజు రెండవ అరికేసరి ఆస్థాన కవి. 941లో ఆయన ముగించిన ఆదిపురాణం ఈ ఆదినాథుడి కథే. వీళ్ళ పూర్వీకులది వేంగి నాట్లోని వంగిపర్రు. అంటే ఇప్పటి గుంటూరు ప్రాంతం నుంచి పడమటికి వలస వెళ్ళిన కుటుంబం. జినవల్లభుడు ఆ గుట్ట మీద జినబింబాలు చెక్కించాడు. త్రిభువనతిలకమనే బసది, కవితాగుణార్ణవమనే చెరువు, మదనవిలాసమనే తోట ఏర్పాటు చేశాడు. చెరువుకి పెట్టింది అన్నగారి బిరుదు. ఇదంతా ఆ బండ మీద మూడు భాషల్లో రాయించాడు. సంస్కృతం, కన్నడం, తెలుగు.

ఆ తెలుగు భాగంలో మూడు కంద పద్యాలున్నాయి. ఇప్పటికి దొరికినవాటిలో అతి పాత కందాలివే అంటారు. నన్నయగారు రాజమహేంద్రవరంలో భారతం మొదలుపెట్టడానికి దాదాపు వందేళ్ళ ముందు సంగతి ఇది. 2008లో తెలుగుకి ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు మనవాళ్ళు చూపించిన ఆధారాల్లో ఈ శాసనం ఒకటి. మన బడిలో పిల్లలు అప్పచెప్పే సుమతీ శతకం పద్యాలన్నీ కందాలే. వాళ్ళు శనివారం పూట నేర్చుకునే ఆ నాలుగు పాదాల నడక వెయ్యేళ్ళ కిందట ఒక జైనుడు బండ మీద చెక్కించిన నడకే. మన భాషకి ఈ మేలు చేసినవారి గుర్తుని చూడడానికి మనం జైనులమై ఉండాలా?

ఇంకో మాట. ఒకే ఇంట్లో అన్న కన్నడంలో కావ్యం రాశాడు, తమ్ముడు తెలుగులో పద్యం చెప్పించాడు, ఇద్దరికీ సంస్కృతం వచ్చు. వలస వెళ్ళిన కుటుంబమే, అయినా ఒక భాష కోసం ఇంకొక భాషని వదులుకోలేదు. "ఇంగ్లీషు మాట్లాడే పిల్లలకి తెలుగు ఎందుకు, రెండూ కలిసి గందరగోళం" అనే మాట మనం ఇప్పటికీ వింటూనే ఉన్నాం. దానికి మేము చెప్పే జవాబుల్లో ఆ బండ ఒకటి. మూడు భాషలు ఒకే రాతి మీద వెయ్యేళ్ళ పైబడి పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాన్ని ఒకటి చెరపలేదు.

తెలుగు బడికి జైనంతో ఇంకా చుట్టరికాలున్నాయి. మన లిపికి మూలం బ్రాహ్మీ లిపి. ఆదినాథుడు తన కూతురు బ్రాహ్మికి అక్షరాలు, ఇంకొక కూతురు సుందరికి అంకెలు నేర్పాడని జైనుల నమ్మకం. కూతుళ్ళకి చదువు చెప్పిన తండ్రి కథ, ఎంత బాగుందో చూడండి. అక్షరాభ్యాసంలో మన పెద్దలు "ఓం నమః శివాయ" పక్కనే "సిద్ధం నమః" అని రాయించేవారు. ఈ రెండో మాట జైన గురువుల నుంచి మిగిలిందని కొందరు పండితుల అభిప్రాయం. హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గర ఏటా బతుకమ్మ ఎంత ఘనంగా ఆడతారో వరంగల్ వాళ్ళని అడగండి. ఆ గుట్ట మీది గుడి ఒకప్పటి కడలాలయ బసది. కాకతీయ రెండవ ప్రోలరాజు మంత్రి భార్య మైలమ కట్టించిందని 1117 నాటి శాసనం చెబుతోంది. అక్కడి రాతి మీద తీర్థంకరులు ఇప్పటికీ ఉన్నారు. ఇక్కడ హాలు అద్దెకి తీసుకుని మనం ఆడుకునే బతుకమ్మకి ఎంత పాత నేపథ్యం ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇప్పుడు అభ్యంతరాల సంగతి. "ఉన్నదే మూడు వారాలు, రోజు ఎక్కడ?" అంటారు. షాపింగులో ఒక రోజు తగ్గించండి. ఆ బట్టలు ఇప్పుడు ఇక్కడా దొరుకుతున్నాయి, ఈ బండ ఇక్కడ దొరకదు. "పిల్లలు విసుక్కుంటారు" అంటారు. ఏమీ చెప్పకుండా తిప్పితే పెద్దవాళ్ళూ విసుక్కుంటారు. నాలుగు ప్రశ్నలు చేతికిచ్చి పంపితే విసుక్కోరు. "ఎండ, వాన" అంటారు. పొద్దున్నే బయల్దేరితే సరి. వానలో గుట్ట జారుతుంది, కాబట్టి ఆ రోజు కొలనుపాకతో సరిపెట్టుకోండి. గుడిలో మాత్రం కొన్ని మర్యాదలు పాటించాలి. జైన దేవాలయాల్లో తోలు వస్తువులు తీసుకుపోకూడదు, బెల్టులూ పర్సులూ కార్లోనే వదిలెయ్యండి. ఫోటోలు తీసే ముందు అడగండి. భోజనం చేస్తే అందులో ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప ఉండవు. ఎందుకు ఉండవో పిల్లలని అడగనివ్వండి. దుంప పీకితే మట్టిలోని చిన్న ప్రాణులకి కూడా హాని అనే జవాబు వింటే అహింస అన్న మాటకి అర్థం పుస్తకం లేకుండానే తెలుస్తుంది.

పిల్లలూ, ఈ ముక్క మీ కోసం. గుడిలోకి వెళ్ళగానే విగ్రహం పీఠం వైపు చూడండి. తీర్థంకరుల ముఖాలన్నీ ఒకేలా ప్రశాంతంగా ఉంటాయి. ఎవరు ఎవరో తెలియాలంటే గుర్తు వెతకాలి. ఎద్దు ఉంటే ఆదినాథుడు, శంఖం ఉంటే నేమినాథుడు, సింహం ఉంటే మహావీరుడు. తల మీద పాము పడగలుంటే పార్శ్వనాథుడు. కొన్ని విగ్రహాలు పద్మాసనంలో కూర్చుంటాయి, కొన్ని చేతులు కిందికి వదిలి నిటారుగా నిలబడతాయి. ఆ నిలబడడాన్ని కాయోత్సర్గం అంటారు. చేతుల్లో ఆయుధం ఏమైనా ఉందేమో చూడండి. ఉండదు. ఎందుకో మీరే చెప్పాలి. తరవాత తల పైకెత్తి పైకప్పు మధ్యలో ఏముందో చూడండి. ఒక స్తంభం ఎంచుకుని దాని బొమ్మ నోటు పుస్తకంలో గీయండి. ఫోటో తీస్తే అర నిమిషం చూస్తారు, బొమ్మ గీస్తే అరగంట చూస్తారు.

పెద్దవాళ్ళకి చివరిగా ఒక బరువైన మాట. మన బాతెల్‌లో నది ఒడ్డున పార్కులో 1880ల నాటి దుంగల ఇల్లు ఒకటి భద్రంగా ఉంది. ఈ ఊరికి మొదట వచ్చినవాళ్ళ గుర్తు. పక్కనే పాత బడి గది, మ్యూజియం. నూట నలభై ఏళ్ళ కర్ర ఇంటిని ఊరివాళ్ళు అంత ప్రేమగా చూసుకుంటున్నారు, అది మెచ్చుకోవలసిన సంగతి. బొమ్మలగుట్ట అక్షరాలకి అంతకి ఏడు రెట్లకి పైగా వయసు. అవి ఎండకీ వానకీ అలాగే ఉన్నాయి. వాటికి పెద్ద ప్రమాదం వాన కాదు. కరీంనగర్ ప్రాంతపు గుట్టలు మంచి గ్రానైట్ గుట్టలు. అక్కడ తీసిన రాయి టాన్ బ్రౌన్ అనే పేరుతో దేశదేశాలకి వెళ్తుంది. మన వంటింటి గట్టు మీద పరిచిన బండ ఆ జిల్లాదే కావచ్చు. క్వారీల వల్ల బొమ్మలగుట్టకి ముప్పు రాకూడదని స్థానికులు, చరిత్ర మీద ప్రేమ ఉన్నవాళ్ళు పోరాడవలసి వచ్చింది. ఒక రాతికి కొనేవాళ్ళు మాత్రమే ఉండి చదివేవాళ్ళు లేకపోతే అది ఎక్కువ కాలం నిలవదు. దూరం నుంచి వచ్చి చూసేవాళ్ళు, దాని గురించి అడిగేవాళ్ళు ఉన్నారని తెలిస్తే ఆ ఊరివాళ్ళకీ బలం, అధికారులకీ ఒక హెచ్చరిక.

అందుకని మన బడికి మేము రెండు సూచనలు చేస్తున్నాం. వేసవి సెలవుల ముందు చివరి తరగతిలో ఒక గంట "గుడిని ఎలా చూడాలి" అన్న పాఠానికి కేటాయిద్దాం. గుడి భాగాల పేర్లు, రాతి రకాలు, కొన్ని గుర్తులు నేర్పితే చాలు. వెళ్ళి వచ్చిన పిల్లలు ఒక బొమ్మ, అర పేజీ తెలుగు రాసి తేవాలి. కొలనుపాకే కానక్కర్లేదు. కడప దగ్గర దానవులపాడు కావచ్చు, జడ్చర్ల దగ్గర ఇటుకలతో కట్టిన గొల్లత్తగుడి కావచ్చు, అమ్మమ్మగారి ఊరి చెరువు గట్టు మీద పేరు తెలియని విగ్రహం కావచ్చు. తాతయ్యలని, అమ్మమ్మలని "మన ఊళ్ళో అన్నిటికన్నా పాత రాయి ఏది?" అని అడిగితే చాలు, సగం కథ అక్కడే దొరుకుతుంది. ఆ రాతలు వచ్చే ఏడు ఈ సంచికలో అచ్చు వేద్దాం. తప్పులున్నా ఫరవాలేదు, మనమే దిద్దుదాం. కురిక్యాల బండ మీది అక్షరాల్లో ఒక్కటి గుర్తుపట్టి "ఇది నాకు వచ్చు" అని మన పిల్ల ఒక్కతి అన్నా, ఈ బడికి మనం పెట్టిన శనివారాలు దండగ కాలేదని మేము నమ్ముతాం.